అనుమానం మేస్త్రి హ్యాండ్‌బ్రేకు

పశువుల డాక్టరమ్మకు అన్నయ్య అంటే ప్రాణం. ఆ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు. అంటే ఆయన దాన్నీ అనుమానిస్తాడు.

ఆయన బళ్ళ మెకానిక్కు. వీధిలో అందరూ అనుమానం మేస్త్రి అంటారు. బాగుచేసిన బండిని వెంటనే ఇచ్చేసే అలవాటు ఆయనకు లేదు. బ్రేకు పని చేశాడంటే, ఆ బండిని షెడ్డు ముందున్న ఏటవాలు మీద నిలబెడతాడు. దాని కింది వైపు, సరిగ్గా చక్రాల దారిలో స్టూలు వేసుకుని, బండికి వీపు పెట్టి కూర్చుంటాడు. వదిన టీ తెచ్చిస్తుంది. ఆ టీ నింపాదిగా, చివరి గుక్క దాకా తాగాకే తాళాలు చేతికిస్తాడు. "నేను కూర్చోలేని చోట ఇంకొకణ్ణి ఎలా కూర్చోబెడతాను?" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, తొందరలో ఉన్నవాళ్ళకు ఒళ్ళు మండిపోతుంది. అయినా మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు.

అలాంటి మనిషి సొంత చెల్లెలి జీపు దగ్గరే పప్పులో కాలేశాడు.

కొండ మీది పల్లెలకు వెళ్ళడానికి డాక్టరమ్మకు ఒక పాత జీపు ఉంది. ఆ దారి దారి కాదు. గుండ్రాళ్ళు, వాగు, వాగు దాటగానే నిట్టనిలువు ఎక్కుడు. మామూలు జీపు అక్కడ పొట్ట ఆనించి కూలబడిపోతోందని, అన్నయ్య దాన్ని ఊడదీసి కొత్త జన్మ ఎత్తించాడు. స్ప్రింగు పట్టీలు పెంచాడు, పెద్ద టైర్లు తొడిగాడు, చిన్న లారీ ఇరుసు తెచ్చి వెనకాల బిగించాడు, డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులు పెట్టాడు. ఇంత చేశాక చూసుకుంటే పాత హ్యాండ్‌బ్రేకు కేబులు కొత్త ఇరుసుకు అందలేదు. "తరవాత చూద్దాంలే. అప్పటిదాకా గేరులో పెట్టి, చక్రం కింద రాయి వెయ్" అన్నాడు. కొండదారి బళ్ళవాళ్ళందరూ చేసే పనే అది. ప్రతి బండిలోనూ సీటు కింద ఒక మంచి రాయి ఉంటుంది, దాన్ని ఇంకొకరికి అప్పు కూడా ఇవ్వరు. డాక్టరమ్మ కూడా ఒక నల్లరాయి చూసి పెట్టుకుంది. ఊరందరి బ్రేకుల మీదా అనుమానపడ్డ మనిషి, ఆ ఒక్క రాయిని మాత్రం నమ్మేశాడు.

ఒకనాడు పై పల్లెలో ఆమె ఒక పాకలో ఆవుకు సూది వేస్తూ ఉండగా, బయట వానకు నాని ఉన్న నేల మీద రాయి జారింది. ఇంజను పాతబడి ఉండటంతో గేరు ఎంతోసేపు ఆపలేకపోయింది. జీపు వెనక్కి దొర్లి దొర్లి ఒక ముసలామె గొడ్లపాక గోడను కూల్చి ఆగింది. గోడ పక్కనే కట్టేసిన దూడ వెంట్రుకవాసిలో తప్పించుకుంది. పల్లె పల్లెంతా ఒంటికాలి మీద లేచింది. ఆ ముసలామెను అప్పటినుంచీ అందరూ గోడ పెద్దమ్మ అంటున్నారు. ఆవిడే తేల్చి చెప్పింది.

"నీ మందులు వద్దనటం లేదమ్మా. బండి పైకి రావాలంటే లోపల ఒక మనిషి బ్రేకు మీద కాలేసి కూర్చోవాల్సిందే. లేదా కిందే ఆపుకుని నడిచి రా."

నడవడమంటే మందుల పెట్టె, మంచుగడ్డల డబ్బా, తాళ్ళు, అన్నీ మోసుకుని ఆ ఎక్కుడంతా ఎక్కాలి. ఈనలేక అవస్థపడే ఆవు అంతసేపు ఆగదు. సహాయకుణ్ణి ఇమ్మని ఆఫీసులో అడిగితే నీళ్ళు నమిలారు. ఇక పై పల్లెలను వదులుకోవడమేనా అని ఆమె దిగులుపడుతుంటే, అన్నయ్య షెడ్డుకు తాళం వేసి వచ్చి జీపులో ఎక్కాడు.

"ఎక్కడికి?"

"నీ పక్క సీటుకి. నా తప్పుకి నా కాలే పెడతాను."

అలా మొదలైంది ఆయన కొత్త ఉద్యోగం. చెల్లెలు పాకలోకి వెళ్ళగానే ఆయన డ్రైవరు సీటులోకి జరిగి, బ్రేకు తొక్కిపట్టి కూర్చునేవాడు. మోకాలు అసలే అంతంతమాత్రం. తిరిగొచ్చేసరికి అది వాచి ఉండేది. "నొప్పి లేదు, ఊరికే బిగుసుకుంది" అని బుకాయించేవాడు. అయితే ఒకటి. రానూ పోనూ ఆ దారంతా ఇద్దరూ కబుర్లే కబుర్లు. పెళ్ళయ్యాక పలకరింపులు తప్ప వాళ్ళిద్దరూ ఇంతసేపు కలిసి కూర్చున్నది లేదు. చిన్నప్పుడు గోళీల మీద తగువులు, అమ్మ చేతి దెబ్బలు, బావగారి గురక, ఏదీ వదల్లేదు. వాగు దగ్గర జీపు ఎగిరినప్పుడల్లా ఆయన "అమ్మో" అనేవాడు, ఆమె పగలబడి నవ్వేది.

కానీ షెడ్డు మూతపడి ఉంటే ఇల్లు ఎలా గడుస్తుంది? మోకాలు ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? అది ఇద్దరికీ తెలుసు. ఒకరోజు ఆయన జీపును షెడ్డులోకి తోలి, "హ్యాండ్‌బ్రేకు సంగతి తేలేదాకా ఇది కదలదు" అన్నాడు.

పక్క షెడ్డు వెల్డరు ఒక సలహా ఇచ్చాడు. "కాలి బ్రేకు నూనె గొట్టానికి ఒక మీట పెట్టెయ్ మేస్త్రీ. బ్రేకు తొక్కి, మీట తిప్పితే నూనె లోపలే బిగిసి ఉంటుంది. చిటికెలో పని."

"ఎక్కడో ఒక చుక్క కారిందనుకో, పట్టు పోయినట్టేగా? రాత్రంతా నిలబడాల్సిన బండిని నూనె మీద వదలను. ఇనుము ఇనుమును పట్టుకోవాలి" అన్నాడు మేస్త్రి.

అందుకని మొదట గేర్‌బాక్సు వెనకాల, ఇంజను బలాన్ని వెనక చక్రాలకు తీసుకెళ్ళే షాఫ్టు మొదట్లో ఒక డ్రమ్ము బ్రేకు బిగించాడు. లీవరు లాగితే షాఫ్టు తిరగదు. షాఫ్టు తిరగకపోతే చక్రాలూ తిరగవు. ఏటవాలు మీద జీపు గోడకు మేకు కొట్టినట్టు నిలబడింది. వెల్డరు భుజం తట్టాడు. డాక్టరమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వదిన టీ తెచ్చింది. మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు. గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

"ఏమే, పెద్దమ్మ పాక ముందు నేల ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేమిటి? ఒక పక్క గట్టిగా ఉంటుంది. ఇంకో పక్క గొడ్లు కడిగిన నీళ్ళు పారి ఎప్పుడూ బురదే."

ఆయన గ్లాసు స్టూలు మీద పెట్టి లేచాడు. జీపు ముందు కొక్కేనికి గొలుసు వేసి పైనున్న స్తంభానికి కట్టాడు. ఒక రేకు నిండా గ్రీజు పూసి, జీపును కాస్త కదిలించి, ఒక్క వెనక చక్రం మాత్రం దాని మీదికి వచ్చేలా నిలబెట్టాడు. హ్యాండ్‌బ్రేకు లాగి, దిగి, పక్కకు తప్పుకున్నాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత గ్రీజు మీది చక్రం జర్రున ముందుకు తిరిగింది, నేల మీది చక్రం వెనక్కి తిరిగింది, జీపు కిందికి జారింది. గొలుసు బిగుసుకునేలోపే స్టూలు విరిగింది, గ్లాసు ముక్కలైంది.

షాఫ్టు కదలకపోయినా, ఒక చక్రానికి పట్టు లేకపోతే రెండు చక్రాలూ ఒకదానికొకటి ఎదురు తిరిగి బండిని వదిలేస్తాయి. బురదలో జరిగేదీ అదే. గోడ పక్కన కట్టేసిన దూడే డాక్టరమ్మ కళ్ళముందు మెదిలింది.

వదిన గాజుముక్కలు ఏరుతూ, "ఇక మీకు స్టీలు గ్లాసే" అంది.

వెల్డరు "అన్ని బళ్ళూ అలాగే తిరుగుతున్నాయి కదా మేస్త్రీ, మరీ ఇంత చాదస్తమా" అన్నాడు. మేస్త్రి వినిపించుకోలేదు. బిగించిన డ్రమ్మును మళ్ళీ విప్పడం మొదలుపెట్టాడు. అంత కష్టపడి చేసిన పనిని ఒక్క ముక్క విసుక్కోకుండా విప్పుతున్న అన్నయ్యను చూస్తుంటే డాక్టరమ్మకు కళ్ళు చెమర్చాయి. తన చదువులో ఎందరో పెద్ద పెద్ద డాక్టర్లను చూసింది. కుదిరిందనుకున్న పనిని తనంతట తానే తప్పు పట్టుకుని మళ్ళీ మొదటికొచ్చే ధైర్యం వాళ్ళలోనూ కొందరికే ఉండేది.

ఈసారి పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టి, డిస్కును నొక్కిపట్టే క్యాలిపర్లు రెండు తెచ్చాడు. కాలి బ్రేకుతో పాటు కేబులుతో కూడా బిగిసేవి అవి. చక్రానికి ఒకటి చొప్పున పెట్టాడు. ఏ చక్రం పట్టు దానిదే, ఇంకోదాని దయ అక్కర్లేదు. లీవరు లాగితే రెండు కేబుళ్ళకూ సమానంగా బలం అందేలా మధ్యలో ఒక అడ్డబద్ద పెట్టాడు. అక్కడ మళ్ళీ అనుమానం. ఒక కేబులు తెగితే? అడ్డబద్ద ఆ వైపుకు వాలిపోయి రెండోది కూడా సడలుతుంది. అందుకని బద్ద మరీ వాలకుండా రెండు వైపులా ఇనుప ముక్కలు అడ్డం పెట్టించాడు. వెల్డరు సణుగుతూనే అతికాడు. గుంటలో చక్రం కిందికి వేలాడినప్పుడు కేబులు లాక్కుపోకుండా కొంచెం వదులు ఉంచాడు, టైరుకు రాసుకోకుండా పట్టీలకు కట్టాడు. తరవాత ఒక కేబులు విప్పేసి రెండోదాని మీదే బండిని నిలబెట్టాడు. ఆపైన దీన్ని విప్పి దాన్ని చూశాడు. ఆ తరవాత గ్రీజు రేకు. జీపు కదల్లేదు.

కొత్త స్టూలు వచ్చింది. వదిన అన్న మాట ప్రకారం స్టీలు గ్లాసులో టీ పోసింది. ఆయన సగమే తాగి, మిగతాది పారబోశాడు.

"మిగతా సగం పెద్దమ్మ పాక దగ్గర" అన్నాడు.

మర్నాడే పై పల్లె నుంచి కబురొచ్చింది. గోడ పెద్దమ్మ ఆవే ఈనలేక అవస్థ పడుతోంది. ఇద్దరూ బయల్దేరారు. జీపు పాక ముందు ఆగింది. ఒక పక్క చక్రం బురదలో, కింది వైపున కొత్తగా కట్టిన గోడ. డాక్టరమ్మ లీవరు కటకటమని లాగి దిగింది. ఆ వెనకే అన్నయ్యా దిగాడు.

గోడ పెద్దమ్మ కేకేసింది. "కాలెవరు వేశారు? లోపల ఎవరున్నారు?"

"ఎవరూ లేరు పెద్దమ్మా" అన్నాడు ఆయన.

"నా గోడ మళ్ళీ కూలుస్తావా? ఎక్కు, ముందు బండెక్కు!"

ఆయన జీపు వెనక్కి వెళ్ళాడు. వెంట తెచ్చిన స్టూలు తీసి, జీపుకూ గోడకూ మధ్య వేసుకుని, జీపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఫ్లాస్కు మూత తిప్పాడు. చెల్లెలు పాక గుమ్మంలోనే ఆగిపోయింది. గ్రీజు రేకు మీద జారిన జీపు ఇంకా ఆమె కళ్ళముందే ఉంది. ఆయన చెయ్యి ఊపి, "నీ పని నువ్వు చూసుకో. ఆవు ఎదురుచూస్తోంది" అన్నాడు.

లోపల దూడ అడ్డం తిరిగి ఉంది. ఆమె భుజం దాకా చెయ్యి పెట్టి దాన్ని మెల్లగా సరిచేసింది. బయటి నుంచి ఏ చప్పుడు వినిపించినా మనసు అటే పోయేది, బలవంతంగా వెనక్కి లాక్కుని మళ్ళీ పనిలో పడేది. చాలాసేపటికి దూడ జారిపడి, తుమ్మి, కళ్ళు తెరిచింది.

చేతులు కడుక్కోకుండానే బయటికి పరిగెత్తింది. జీపు ఆపిన చోటే ఉంది. దాని కింది వైపు ఇద్దరు కూర్చుని ఉన్నారు. స్టూలు మీద గోడ పెద్దమ్మ, పక్కనే నేల మీద అన్నయ్య. ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ ఊదుకుంటూ, ఆయన మోకాలికి ఏ ఆకు కట్టాలో చెబుతోంది.

"ఆడదూడ పెద్దమ్మా" అంది డాక్టరమ్మ.

"తల్లీ, చల్లగా ఉండు" అంది పెద్దమ్మ. తరవాత జీపును ఎగాదిగా చూసి, "ఇకనుంచి నువ్వొక్కదానివే రావచ్చులే. కాలు అక్కర్లేదు" అంది.

కొండ దిగేటప్పుడు అన్నయ్య ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. "దిగుడులో డిస్కులు వేడెక్కుతాయి. ఆపగానే ఒకసారి లాగు, కాస్త చల్లారాక ఇంకోసారి లాగు. వేడి తగ్గితే పట్టు సడలుతుంది." ఆ తరవాత దారంతా మాట్లాడలేదు. వాగు దగ్గర జీపు ఎగిరినా "అమ్మో" అనలేదు. ఆయన అంత పట్టుబట్టి చేసిన పని, ఆయన కూర్చున్న సీటునే ఖాళీ చేయించిందని డాక్టరమ్మకు అప్పుడు తట్టింది. ఆ సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసని కూడా తట్టింది. తెలిసే చేశాడు. ఆమెకు ఏడుపొచ్చింది, దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకుంది.

తరవాతి వారం ఆమె షెడ్డు ముందు జీపు ఆపి హారను కొట్టింది. ఆయన ఏదో లారీ కింది నుంచి చేతులు తుడుచుకుంటూ కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? బ్రేకు పట్టటం లేదా?"

"బ్రేకు బంగారంలా ఉంది అన్నయ్యా. పెద్దమ్మ ఒక్కతీ టీ తాగలేకపోతోందట. ఎక్కు."

ఆయన ఆమె ముఖం వైపు అనుమానంగా చూశాడు. వంగి, చక్రాల వైపూ చూశాడు. వదిన అప్పటికే ఫ్లాస్కు నింపి గుమ్మంలో నిలబడి ఉంది.