చెప్పకుండా ఇచ్చిన కోటు

ఆ సంస్థానం ఎంత చిన్నదంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర ‘చిరంజీవ’ అనేవారట. ఒక కొండ, ఒక వాగు, వాగు పొడుగునా కొన్ని ఊళ్లు, కోటలో ఒక దొర. దొరకు ఓ కాపలా దళం, ఆ దళానికి ముదురాకుపచ్చ కోట్లు. ఆ కోట్లు కుట్టిన దర్జీ గురించే నేను రాస్తున్నది. నాకు దొరికిన పుస్తకాల్లో సంస్థానానికే అర పేజీ మించి లేదు, ఇక దర్జీ ఊసెక్కడ? ఆయన సంగతులన్నీ ఆయన తమ్ముడి కూతురు చెప్పినవి. ఇప్పుడు ఆవిడా పెద్దదైపోయింది. పెదనాన్న పేరెత్తితే చాలు, ముందు నవ్వుతుంది, తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది.

దర్జీ ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ కింద బల్ల, బల్ల మీద సుద్దముక్క, బొగ్గుల ఇస్త్రీపెట్టె. గుండుసూదులు పెదాల మధ్య బిగించి పళ్ల సందునుంచే కబుర్లు చెప్పేవాడు. కాపలావాళ్లు ఏడాదికేడాది లావవుతారని కోటు కుట్టులోపల బెత్తెడు బట్ట వదిలిపెట్టేవాడు. అది విప్పాల్సి వచ్చినప్పుడల్లా, “నువ్వు కాపలా కాసేది కోటకా, వంటింటికా?” అని అడిగేవాడు. తమ్ముడూ ఆ దళంలోనే ఉండేవాడు. అతని కోటుకు మాత్రం ఎప్పుడూ బట్ట వదలాల్సిన పని పడలేదు, అంత బక్కపలచని మనిషి.

సంస్థానం పోయినప్పుడు యుద్ధమేమీ జరగలేదు. దొరకు పిల్లల్లేరు. వారసుడు లేకపోతే నేల తమదేనని ఎప్పుడో తాతల నాడు రాయించుకున్న ఒప్పందం చూపించి సామ్రాజ్యంవాళ్లు వచ్చారు. కోట మెట్ల మీద నిలబడి ఓ కాగితం చదివారు. జనం విని, ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. జెండా మారింది, అంతేగా అనుకున్నారు.

తర్వాత కోట్ల సంగతి వచ్చింది. కొత్త కొలువులో ఉండదలచినవాడు కోటుకు మట్టిరంగు వేయించుకుని రావాలి. దొరను ఎక్కడో దూరపు నగరంలో ఓ ఇంటికి పంపేస్తున్నారు. ఆయన్ని పచ్చకోటుతో సాగనంపినవాడు అటునుంచటే ఇంటికి పోవచ్చు. రంగు వేసే పని దర్జీ నెత్తిన పడింది. పెరట్లో పొయ్యి మీద పెద్ద గంగాళం పెట్టాడు.

కాపలావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. కోటు బల్ల మీద పెట్టి, ఎటో చూస్తూ వెళ్లిపోయారు. రంగు అన్న మాట ఒక్కడి నోట రాలేదు. దర్జీ కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. పుండు మీద వేలు పెట్టి నొప్పిగా ఉందా అన్నట్టుంటుందని ఇంట్లో ఆడవాళ్లతో అన్నాడట. బల్ల మీదికొచ్చిన కోటు గంగాళంలోకి పోవడం, అదే ఆ దినాల రివాజయింది.

దొర వెళ్లేముందు రోజు తమ్ముడు కూడా వచ్చాడు. కోటు బల్ల మీద పెట్టాడు. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. దర్జీ తలెత్తలేదు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, వీడికి మాత్రం వేరే దారేముందనుకున్నాడు.

తెల్లారి తమ్ముడు వచ్చేసరికి కోటు తీగ మీద ఆరుతోంది.

“అన్నయ్యా, నా కోటేది?”

“అదిగో. ఇంకా తడి ఆరలేదు.”

తమ్ముడు దగ్గరికి వెళ్లి కోటు చేతిని పట్టుకుని చూశాడు. “ముంజేతి దగ్గర కుట్టు విడిపోతే వేయమని పెట్టాను. దొరగారికి చివరిసారి దండం పెడదామని.”

“చెప్పలేదేమిరా?”

“నువ్వడగలేదుగా.”

కోటు లేకుండా వందనం చేయకూడదని ఆ దళంలో కట్టడి. తమ్ముడు చొక్కాతోనే వెళ్లి జనంలో నిలబడ్డాడు. దొర బండి కదిలింది. దొర కిటికీలోంచి పచ్చకోట్ల కోసం కాబోలు అటూ ఇటూ చూశాడు. ఒక్కటీ కనపడలేదు. తమ్ముడి ముఖం మీదినుంచి కూడా ఆయన చూపు అలాగే జారిపోయింది.

కోటు ఎలాగూ రంగు మారింది కదా అని వారం తిరక్కుండా తమ్ముడు కొత్త కొలువులో చేరాడు, అక్కడే ముసలివాడయ్యాడు. ఊరు మాత్రం దర్జీని వదల్లేదు. కొత్తవాళ్ల మెప్పు కోసం సొంత తమ్ముడి కోటునే ముంచేశాడని చెప్పుకున్నారు. దర్జీ జవాబు చెప్పలేదు. తమ్ముడు కాదనలేదు. గిరాకీ పలచబడి దిండుగలీబులు కుట్టుకునే దాకా వచ్చింది. గుండీ కుట్టమని ఇచ్చినా, “గుండీయేనా? ఇంకేం చేయొద్దుగా?” అని గుచ్చి గుచ్చి అడిగేవాడు. జనం నవ్వేవాళ్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే వీధి, ఒకే పంక్తిలో భోజనం. ఆ ఒక్క ముక్క మాత్రం మధ్యలోకి రానిచ్చేవారు కారు.

దర్జీ మంచం పట్టాక తమ్ముడు రోజూ వచ్చి కూర్చునేవాడు. ఒకరోజు, గ్లాసుతో నీళ్లు పట్టుకుని తన కూతురు పక్కనే ఉండగా, అన్నాడు.

“అన్నయ్యా, ఆవేళ చెప్పడం మర్చిపోలేదు. నువ్వు అడుగుతావేమోనని గుమ్మంలో నిలబడ్డాను.”

“అడిగితే ఏమనేవాడివి?”

“అదే తెలీలేదు. పిల్ల కళ్లముందు మెదిలింది. నువ్వే తేల్చేస్తావులే అని నోరు మూసుకుని వెళ్లిపోయాను.”

“ఈ మాట అప్పుడే అనుంటే బావుండేది కదరా,” అని దర్జీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు ఆయన లేడు.

ఆ తర్వాత తమ్ముడు కనపడిన ప్రతివాడికీ చెప్పడం మొదలుపెట్టాడు. తప్పు తనదేననీ, కావాలనే చెప్పకుండా ఇచ్చాననీ, అన్నయ్య నిజానికి నా పిల్లకే అన్నం పెట్టాడనీ. పాత దళంవాళ్ల ఇళ్లకు వెళ్లి మరీ చెప్పాడు. వాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, చివరిదాకా ఓపిగ్గా విని, భుజం తట్టి పంపేవారు.

“ఎంత మంచివాడో చూడు,” అనుకునేవారట వెనకాల. “పోయిన అన్నను ఎలా వెనకేసుకొస్తున్నాడో.”