మట్టయ్య గారి హాఫ్ టికెట్

లోకంలో మనుషులు రెండే రకాలని మట్టయ్య గారి నమ్మకం: ఫుల్ టికెట్, హాఫ్ టికెట్. ఎల్బీ నగర్ రూట్లో కండక్టరుగా రిటైరై దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్లో స్థిరపడ్డా, ఆయన మనసు ఇంకా బస్సు దిగలేదు. పెళ్లిలో భోజనాల బంతి చూసినా, "ముప్పై ఫుల్లు, ఆరు హాఫ్" అనేవారు.

కరోనా వచ్చాక ఆ నమ్మకానికి వైద్యశాస్త్రం తోడైంది. పెద్దలకంటే పిల్లలకు తక్కువగా అంటుతోందని పేపర్లో చదివారు. ఇంకేముంది, పిల్లలు ఎదురైతే పలకరింపు, పెద్దలు ఎదురైతే చాచిన గొడుగు.

"జర దూరం సారూ! మీది ఫుల్ టికెట్."

ఎదురింటి ప్రసన్నకుమార్‌కి ఈ గొడుగు పోటు రోజూ ఉండేది. అతను కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో ఆన్‌లైన్లో సంభావ్యత బోధించే మేధావి.

"తక్కువంటే అసలు రాదని కాదండీ," అని ఓ రోజు పాఠం మొదలుపెట్టాడు.

"నేను ఫ్రీ పాస్ అన్ననా సారూ? హాఫ్ అన్న."

పాఠం అక్కడితో సరి.

చివరికి ఆ సంభావ్యత మాస్టారింటికే వచ్చింది. అతనికీ, భార్య అమలకీ పాజిటివ్. ఆరేళ్ల కూతురు తన్మయికి నెగెటివ్. పిల్లనెక్కడ ఉంచాలి? రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపే బంధువుల ఫోన్లన్నీ స్విచాఫ్. వందలమందికి లెక్కలు నేర్పిన మనిషి తన ఒక్క లెక్క తేలక గుమ్మంలో కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. మాస్కులో ఏడవడం ఎంత కష్టమో కూడా తెలిసొచ్చింది.

ఎదురు తలుపు తెరుచుకుంది. ముందు గొడుగు, వెనక మట్టయ్య గారు.

"పాపను నా దగ్గరికి పంపుండ్రి. హాఫ్ టికెటే గద, ఏం గాదు."

ఇద్దరూ కోలుకుని ఎదురింటికి వెళ్లేసరికి తన్మయి "రైట్, రైట్!" అంటూ సోఫా నడుపుతోంది.

"అమ్మా, తాతకి వంట రాదు. రోజూ గుడ్డే!"

అమల తెల్లబోయింది. "అదేంటి బాబాయ్ గారూ, పిన్ని గారు లేరా?"

"పాప రాకముందే బాటసింగారంల ఉన్న తమ్మునింటికి పంపిన. ఆమెది ఫుల్ టికెట్ గద."

"మరి మాతో ఏం కాదన్నారుగా?" అన్నాడు ప్రసన్నకుమార్.

"మీకు ధైర్యం రావాలె గద, అందుకే అట్లన్న."

మాస్టారు ముందుకొచ్చాడు. మరి ఈ పెద్దాయన సంగతేమిటి? "మీది మాత్రం ఫుల్ టికెట్ కాదాండీ?" అంటూ చేతులు పట్టుకోబోయాడు. గొడుగు లేచింది.

"జర దూరం! డ్యూటీల ఉన్న కండక్టర్‌కు టికెట్ ఎక్కడిది సారూ?"