పేగు తీయించుకున్నాను, బడి మానలేదు

పాడేరు పైన ఒక కొండ ఊళ్లో పంతులమ్మగా చేరిన కొత్తలోనే నాకు విరేచనంలో రక్తం పడటం మొదలైంది. అవి తొంభైల చివరి రోజులు. మాత్రలు మింగితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పాఠం మధ్యలో సుద్దముక్క పడేసి బడి వెనక తుప్పల్లోకి పరిగెత్తేదాన్ని.

మా అత్తగారిది కింద మైదానంలో వ్యవసాయ కుటుంబం. ఆవిడ తీర్పు చెప్పేసింది. "ఆ కొండనీళ్లే నీ పేగులు తినేత్తన్నాయి. ఉజ్జోగం మానీసి బేగి వచ్చీ."

"అవే నీళ్లు తాగినోళ్లు రోజూ కొండెక్కి దిగతన్నారు కదత్తా," అన్నాను. నా జబ్బుకి ఆ ఊరిని తప్పుపడితే నాకు ఒళ్లు మండేది.

విశాఖలో డాక్టరుగారు గొట్టం పెట్టి చూసి, పెద్దపేగు నిండా పుళ్లున్నాయన్నారు. నీళ్ల వల్లేనా అనడిగాను. కాదన్నారు. అందరి పేగుల్లోనూ బాక్టీరియా ఉంటాయట, చాలావరకు మేలు చేసేవే. ఒంటిని కాపాడే కణాలు మామూలుగా వాటి జోలికి పోవు. నా ఒంట్లో మాత్రం వాటినే శత్రువులనుకుని పోరాడుతున్నాయి. ఆ పోరులో పేగుగోడ పుండవుతోంది.

"ఏళ్ల తరబడి పుండు మానుతూ రేగుతూ ఉంటే, కణాలు దారితప్పి కాన్సర్ కావచ్చమ్మా. బాగున్నా సరే, పరీక్షకి రావడం మానకండి."

"పాఠం చెప్పుకోవచ్చా?"

"వద్దని నేననలేదే."

నాకు ఆ మాట చాలు. రక్తం పడని ఏడాది కూడా పరీక్షకి వెళ్లాను. బాగున్న మనిషికి ఆసుపత్రెందుకని ఇంట్లో సణిగారు. అయినా వెళ్లాను. చాలా ఏళ్లకు అలాంటి పరీక్షలోనే, పేగులోంచి తీసిన ముక్కలో కణాలు మారడం మొదలైందని తేలింది. ఇంకా కాన్సర్ కాలేదు. పెద్దపేగు మొత్తం తీసేయాలన్నారు. ఇక మలం పడటానికి పొట్టమీద సంచి కట్టుకోవాలి.

"సంచి కట్టుకుని బడికెల్తావేటి? నలుగురూ ఏటనుకుంటారు?" అంది అత్తగారు.

"అనుకోనీ అత్తా. నాను బతికుంటేనే కదా అనుకుంటారు."

ఆపరేషన్ గాయం మానగానే కొండెక్కాను. మొదటి రోజే సంచి గుడగుడమంది. ముందు వరసలో పిల్లగుంటలు కిసుక్కుమన్నారు. చొక్కాలు, గౌన్లు తొడుక్కున్న ఆ పిల్లలకి నల్లబల్ల మీద పేగు బొమ్మ గీసి, నాకు ఏది తీసేశారో చూపించాను. నవ్వు ఆగిపోయింది, ప్రశ్నలు మొదలయ్యాయి.

ఆ ఏడాదే పాడేరులో ఒక అధికారి పిలిచి, జబ్బు మనిషినని రాసిస్తే కిందికి బదిలీ చేయిస్తానన్నారు. నా మంచికే అన్నారు.

"జబ్బు పేగుది సార్. దాన్ని తీసేశారు," అన్నాను. నమస్కారం పెట్టి బయటికొచ్చి, పైకెళ్లే జీపులో కిటికీ పక్కన కూర్చున్నాను.