చీర మీద బాణం

ఆ రోజుల్లో నాకు కావలసింది ఒక్కటే, ఎవరి కళ్ళూ పడని ఒక మూల. అలాంటి నాకు మొదటి ఉద్యోగం పండరీ బట్టల బజారులో, జనం విరగబడే చీరల దుకాణంలో దొరికింది. బిల్లులు కొట్టే పని. నెల్లాళ్ళు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ నెల నిండబోతుండగా సేఠ్‌గారు గుమ్మం దగ్గర పెద్ద టీవీ పెట్టించి, చీరల వీడియోలు వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా ఒక పాత కంప్యూటర్‌కు తగిలించి, దాన్ని నా బల్ల మీదే పెట్టించారు. వీడియోలు బాగానే వచ్చాయి గానీ, మౌస్ బాణం మాత్రం పోలేదు. చీర కట్టుకున్న అమ్మాయి ముక్కు మీద ముక్కుపుడకలా కూర్చుంది. "బిటియా, యే తీర్ హటావో! నహీఁ తో కల్ సే మత్ ఆనా" అన్నారు సేఠ్‌గారు. ఆ బాణం పోకపోతే రేపటినుంచి నేనే పోతానన్నమాట.

ఎవరినైనా అడిగితే సరిపోయేది. (అడగడం వస్తే నేను నేనెందుకవుతాను!) బాణాన్ని తెర కింద కుడి మూలకు తోసి చూస్తే కనబడకుండా పోయింది. నాలాంటిదే పాపం, అనుకున్నాను. కానీ బల్ల మీద చీరల మూట దబ్బున పడితే చాలు, మౌస్ జరిగి బాణం మళ్ళీ బయటికొచ్చేది. అందుకని కుడిచెయ్యి మౌస్ మీదనుంచి తీయకుండా, ఎడం చేత్తో బిల్లులు కొట్టి, ఎడం చేత్తోనే డబ్బా మూత తీసి పులిహోర తినసాగాను.

సరిగ్గా అప్పుడే మా రైల్వే కాలనీ అత్తయ్య (చుట్టరికం లేదు, కాలనీ మొత్తానికీ అత్తయ్యే) లోపలికొచ్చింది. "ఏటే అమ్మలూ, ఎడం చేత్తో తింతన్నావు? మీ అమ్మ ఇదేనేటి నేర్పింది?" సిగ్గేసి చటుక్కున కుడిచెయ్యి డబ్బాలో పెట్టాను. అంతలో మూట పడింది. బాణం వెళ్ళి టీవీలో పసుపు పట్టుచీర పమిట మధ్యన నిలబడింది. "ఓలమ్మ, ఆ తెల్ల బాణం బుటా బాగుందే! నాకదే తియ్యి."

"కౌన్ సా బాణం?" అంటూ సేఠ్‌గారు వచ్చేశారు. కంగారులో పులిహోర చేత్తోనే మౌస్‌ను పట్టి లాగాను. వైరు ఊడి చేతికొచ్చింది. తెర మీద బాణం మాయం! "అరే వాహ్! కైసే కియా?" ఎలా చేశానో నాకే తెలియక తల దించుకున్నాను. అది చదువుకున్నవాళ్ళ వినయమనుకున్నారాయన. ఉద్యోగం నిలిచింది.

అత్తయ్య మాత్రం ఏమీ కొనలేదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనబడితే, "నా బాణం చీర దాచేసినావు కదే!" అంటుంది. ఇప్పుడు నేను అదే ఊళ్ళో, శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో, పదిమంది ముందు నిలబడి వీడియోలు చూపిస్తుంటాను. అప్పుడప్పుడు తెర మధ్యన బాణం ఆగిపోతుంది. మూలకు తోసేద్దామని చెయ్యి లేస్తుంది గానీ, ఉండనిమ్మని వదిలేస్తాను. ఇక్కడిదాకా రావడానికి దానికెంత సిగ్గేసిందో!