ఎత్తకూడని ఫోను

కిటికీ అక్కకు ఆ పేరు పెట్టింది బస్‌స్టాండు. ‘విచారణ’ అని రాసిన బోర్డు కింద, ఇనుప చువ్వల వెనక ఆమె ఏళ్ల తరబడి కూర్చుంది. ఇవతల నిలబడ్డవాళ్లకు ఆమె పూర్తి మనిషిగా ఎన్నడూ కనిపించలేదు; చువ్వల సందున ఒక కళ్లజోడు, ఒక నోరు, దారి చూపించే ఒక చెయ్యి, అంతే. మెత్తగా మాట్లాడుతుందన్న పేరు మాత్రం ఆమెకు లేదు. “బస్సు వస్తుందాండీ?” అని మాటిమాటికీ వచ్చి అడిగేవాడితో, “వచ్చేది బస్సు, చీమ కాదు. వస్తే మీకూ కనిపిస్తుంది” అనేది. అయితే ఆ నోటికీ ఒక నియమం ఉండేది. తెలిసింది తెలిసినంత వరకే చెప్పేది. తెలియనప్పుడు “తెలియదు” అన్న మాటను, బస్సు బయల్దేరే వేళ చెప్పినంత గట్టిగానే చెప్పేది. దీన్ని సుగుణమనాలో మొండితనమనాలో తేల్చడం సులభం కాదు. ఆమెలో ఆ రెంటికీ మధ్య గోడ లేదు.

సెల్‌ఫోన్లు చేతిలో సబ్బుబిళ్లంత మందంగా ఉండి, చిన్న తెర మీద పచ్చటి వెలుగు చిమ్మే రోజులవి. ఒకనాడు ఆమె పనికి వచ్చేసరికి కిటికీకి చెక్క కొట్టి ఉంది. చెక్క మీద ఒక కాగితం: బస్సులు, పడవలు, సినిమాలు, వానలు, మందుల షాపులు, ఏ సంగతి కావాలన్నా ఈ నెంబరుకు మెసేజ్ పంపండి, నిమిషాల్లో జవాబు. ఇంకొకరైతే ఇంటికి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. ఆమె ఆ నెంబరు ఎక్కడిదో వాకబు చేసి, చెప్పుల కొట్టు పై అంతస్తులో ఉన్న ఆఫీసు మెట్లెక్కింది.

“నా కిటికీకి చెక్క కొట్టించింది మీరేగా?” అంది మేనేజరుతో. “ఇక్కడ కుర్చీ వేయించండి.”

మేనేజరు చురుకైనవాడు, మెడకు టై, నడుముకు రెండు ఫోన్లు. “కంప్యూటరు వచ్చాండీ మీకు?” అన్నాడు నవ్వుతూ.

“బస్సులొచ్చు. కంప్యూటరు మీరు నేర్పండి.”

కుర్చీ దొరికింది. కిటికీ అక్కకు ఉద్యోగమిచ్చిన ఆ గదికి ఒక్క కిటికీ కూడా లేదు. అక్కడ మనుషులకు పేర్లు కూడా లేవు. ఎవరు ఏ సంగతి చూస్తే అదే వాళ్ల పేరు. ‘సినిమాలు’ అనే అమ్మాయి, ‘మందులు’ అనే పెద్దాయన, ‘వాతావరణం’ అనే కుర్రవాడు. వాన పడుతుందో లేదో ఊరంతటికీ చెప్పే వాతావరణం సాయంత్రం గొడుగు లేక తడిసి ఇంటికి పోయేవాడు. తెర మీద ప్రశ్న వస్తుంది; మన మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, నూట అరవై అక్షరాలు దాటకుండా జవాబు కొట్టి పంపాలి. చివర చెప్పుల కొట్టు ప్రకటన తోకలా తప్పకుండా ఉండాలి. అన్నిటికీ మించిన నిబంధన ఇంకొకటి ఉంది: ‘తెలియదు’ అన్న మాట ఆ గది గడప దాటకూడదు.

“డబ్బు పెట్టి అడిగేది తెలియదనిపించుకోడానికా అండీ?” అనేవాడు మేనేజరు. సంగతి తెలియకపోతే ఒక మీట నొక్కాలి. అదే ప్రశ్నకు ఇదివరకు వెళ్లిన జవాబు మళ్లీ వెళ్తుంది. ఆఫీసు దాన్ని ‘నిల్వ జవాబు’ అనేది. కిటికీ అక్క ‘పాసిన జవాబు’ అనేది.

ప్రతి కబురుకీ ఒక వయసు ఉంటుంది. చువ్వల వెనక మనిషి కూర్చున్నప్పుడు, ఆ మనిషి తడబాటునో తెగింపునో చూసి జవాబు ఎంత గట్టిదో అడిగినవాడు అంచనా వేసుకునేవాడు. తెరకు ముఖం లేదు. నిన్నటి నిజమూ ఇవాళ్టి నిజమూ ఒకే అక్షరాల్లో, ఒకే పచ్చటి వెలుగులో వచ్చి నిలబడతాయి; ఏది బతికి ఉందో ఏది చచ్చిందో చెప్పే గుర్తేదీ ఉండదు. కిటికీ అక్క ఇంత ఆలోచించిందని అనలేం. ఆమె చేసింది ఒక్కటే: చెప్పుల ప్రకటన చెరిపేసి, ఆ చోట సంగతి ఎవరు చెప్పారో ఎప్పుడు చెప్పారో రాయడం మొదలుపెట్టింది. మేనేజరు తోక అతికించేవాడు, ఆమె కోసేసేది. ఇద్దరికీ విసుగు రాలేదు.

ఆమెకు అన్నిటికన్నా చిక్కు తెచ్చింది రేవులోని పడవ. నదికి అవతలి ఒడ్డున పెద్దాసుపత్రి ఉంది. పడవ లేకపోతే వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. అటు వెళ్లే బస్సు పొద్దున్నే ఒక్కటే. పడవ కదిలేదీ లేనిదీ గాలినీ నీటినీ చూసి పడవవాడు అప్పటికప్పుడు తేలుస్తాడు. అతనికి ఫోనుంది గాని, చేసినా ఎత్తినా డబ్బు పోయే ఆ రోజుల్లో మాట్లాడేంత బ్యాలెన్సు ఎన్నడూ ఉండదు. అందుకని ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఉదయం అతను ఆమె ఫోనుకు ఒకసారి మోగించి పెట్టేస్తే పడవ ఉంది. రెండుసార్లు మోగిస్తే లేదు. అసలు మోగకపోతే తెలియదు.

ఈ ఏర్పాటు ఇంట్లో అత్తగారికి నచ్చలేదు.

“పొద్దున లేస్తే ఎవడో కొట్టి పెట్టేస్తున్నాడు. ఎవడే వాడు?”

“పడవవాడు అత్తయ్యా.”

“పడవవాడికి నీతో ఏం పనే?”

“మాట్లాడే పని లేదనేగా పెట్టేస్తున్నాడు!”

“ఈ వయసులో ఇదేం చోద్యమో, ఊళ్లో వానా వరదా అన్నీ నీ ఫోన్లోనే వస్తున్నాయి” అని అత్తగారు గొణుక్కునేది. కానీ ఆ మోత వినపడినప్పుడల్లా ముందుగా వేళ్లు ముడిచేది ఆవిడే.

కొన్నాళ్లుగా ఒక నెంబరు నుంచి ప్రతి ఉదయం ఒకటే ప్రశ్న వస్తోంది: పడవ ఉందా? అడిగేది ఆడో మగో తెలియదు. కిటికీ అక్క ఆ నెంబరుకు ‘పడవుందా గారు’ అని పేరు పెట్టింది.

అంతలో ఆమెకు దవడ పన్ను పీకించుకోవలసి వచ్చింది. సెలవు పెట్టి, తన ఫోను వాతావరణం చేతిలో పెట్టింది.

“ఒకటైతే ఉంది, రెండైతే లేదు. ప్రాణం మీదికొచ్చినా ఎత్తకు.”

“ఎత్తితే ఏమవుద్దక్కా?”

“వాడి ఫోన్లో ఉన్న ఆ కాస్తా ఊడ్చుకుపోతుంది. రెండోసారి మోగించడానికి ఏమీ మిగలదు. తెలిసిందా?”

“తెలిసిందక్కా.”

మర్నాడు ఉదయం వాన దంచికొట్టింది. ఫోను మోగింది. మోగే ఫోనును ఎత్తకుండా ఉండలేనివాడు వాతావరణం. బుర్ర అడ్డుపడేలోపే చెయ్యి పని కానిచ్చేసింది. “హలో, చెప్పండి!” అన్నాడు హుషారుగా. అవతల గాలి, నీళ్ల హోరు, వాటి మధ్య ఒక ఆర్తనాదం: “ఎత్తావేంట్రా నాయనా…” అంతే, తెగిపోయింది. తరవాత ఎంతసేపు చూసినా మోగలేదు. ఎత్తిన మోత లెక్కలోకి వస్తుందా రాదా అని అతను తల పట్టుకుని మేనేజరును అడిగాడు. “ఇంత ఆలోచనెందుకయ్యా? నిల్వది పంపు” అన్నాడు మేనేజరు. పడవుందా గారికి జవాబు వెళ్లింది: పడవ ఉంది. దాని వెనకే, వానలోనూ జారని చెప్పులు.

ఆ మరుసటి రోజు కిటికీ అక్క వాచిన బుగ్గతో పనికి వచ్చింది. వాతావరణం జరిగింది చెప్పడం పూర్తికాకముందే మెట్ల మీద తాళంచెవుల గలగల వినపడింది. వచ్చినవాడు తాళాలవాడు. బస్‌స్టాండు మూలన, ఆమె కిటికీకి ఎదురుగా, చెక్కపెట్టెలాంటి కొట్టులో ఏళ్ల తరబడి తాళంచెవులు ఆకురాయితో రాస్తూ కూర్చున్న మనిషి. రోజూ చూసిన ముఖమే. పడవుందా గారు అతనేనని ఆమెకు ఆ క్షణందాకా తెలియదు.

“ఈ జవాబు పంపిందెవరు?” అని ఫోను చాపాడు.

మేనేజరు లేచాడు. “కూర్చోండి సార్. నిన్న మా సర్వర్లో చిన్న సాంకేతిక లోపం…”

“నిన్న నా భార్యకి ఆపరేషను. అవతలి ఒడ్డున. సంతకం పెట్టాల్సింది నేను. పొద్దుట్నుంచీ దానికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టారు. నేనేమో రేవులో మీ మెసేజ్ చూసుకుంటూ నిలబడ్డాను. పడవ కట్టేసి ఉంది. ఫోన్లో ఉందన్నారు కదా, వదుల్తారులే అని చూశాను.”

“వంతెన మీదుగా బస్సుంది కదా సార్.”

“నేను రేవుకి చేరేసరికే అది పోయింది. నాకు పడవ ఉండాలని రూలేం లేదు బాబూ. మీకు తెలియదని నాకు తెలిస్తే చాలేది. ఆ బస్సెక్కి పోయేవాణ్ణి.”

కిటికీ అక్క బుగ్గ పట్టుకుని అడిగింది: “ఆపరేషను మళ్లీ ఎప్పుడన్నారు?”

“రేపు పొద్దున.”

“రేపు అడుగు. తెలిసిందే చెప్తాను.”

“మీరా?” అని అతను ఆమె ముఖం తేరిపార చూశాడు. చువ్వలు లేకుండా గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

అతను వెళ్లిపోయాక మేనేజరు రెండు ఆజ్ఞలు జారీ చేశాడు. ఇకమీద మిస్డ్ కాల్ సమాచారం కాదు. రెండోది, పడవ సంగతి అడిగినవాళ్లందరికీ క్షమాపణ మెసేజ్ వెళ్లాలి: సాంకేతిక లోపం వల్ల కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.

“ఏ యంత్రం చెడిపోయింది?” అంది కిటికీ అక్క. వాపు వల్ల మాట ముద్దగా వచ్చింది గాని మెత్తగా రాలేదు. “చూపించండి. దాన్నే అడుగుతాను.”

“అమ్మా, రాసేది మాటవరసకి…”

“మాటవరసకి రాయడానికేనా జనం మనల్ని అడిగేది?”

వాతావరణం లేచి నిలబడ్డాడు. “ఎత్తింది నేను సార్. తీసేస్తే నన్ను తీసెయ్యండి.”

“కూర్చోరా! ఎత్తినందుకు నీ చెవి నేను మెలిపెడతాను. పాసిన జవాబు పంపమన్నది నువ్వు కాదు.” ఆమె మీటల వైపు తిరిగి కొట్టింది: నిన్న పడవ సంగతి మాకు తెలియదు. తెలిసినట్టు చెప్పాం. ఇకమీద తెలియకపోతే తెలియదనే చెప్తాం. మేనేజరు కుర్చీ చుట్టూ తిరిగి వచ్చేలోపు అది పడవ సంగతి అడిగిన ఫోన్లన్నిటికీ వెళ్లిపోయింది.

అతని ముఖం ఎర్రబడింది. “రేపట్నుంచి మీరు రానక్కర్లేదు.”

మేనేజరు దుర్మార్గుడు కాదు. జవాబు లేని ప్రశ్నను చూస్తే అతనికి నిజంగానే భయం వేసేది. ఆ భయాన్నే మర్యాద అనుకునేవాడు. అలాంటివాళ్లు మన మధ్య తక్కువేం కాదు.

ఇంటికి వచ్చిన కోడలి ముఖం చూసి అత్తగారు అడిగింది: “ఏమే, ఉద్యోగం పోయిందా?”

“తెలియదు అత్తయ్యా.”

“అదేం జవాబే?”

“ఉన్నమాట.”

అత్తగారు వేడినీళ్లలో గుడ్డ ముంచి తెచ్చి, “ముందు ఆ బుగ్గకి కాపడం పెట్టుకో. పోట్లాడాలంటే నోరు తెరుచుకోవద్దూ!” అంది.

మర్నాడు ఆమె అందరికన్నా ముందుగా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. ఫోను మీటల పక్కన పెట్టింది.

“రావద్దన్నాను కదండీ” అన్నాడు మేనేజరు.

“అన్నారు. కాగితం మీద రాసివ్వండి. ఎవరు తీసేశారు, ఏ రోజు, ఎన్ని గంటలకి. అవి లేని కబురేదీ నేను నమ్మను. బస్‌స్టాండులో ఉన్నప్పుడూ అంతే.”

సినిమాలు నవ్వు ఆపుకోలేక దగ్గింది. మేనేజరు విసురుగా తన బల్ల దగ్గరికి పోయి టైపు చేయడం మొదలుపెట్టాడు.

అప్పుడు తెర మీదికి ప్రశ్న వచ్చింది. పడవ ఉందా?

కిటికీ అక్క ఫోను వైపు చూసింది. మోగలేదు. తాళాలవాడు ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉంటాడో ఆమెకు కళ్లకు కట్టినట్టుంది: నాలుగు రోడ్ల కూడలిలో, ఒక పక్క రేవు దారి, ఇంకో పక్క ఇంజను ఆన్‌లో ఉన్న బస్సు. పడవ ఉందంటే రేవుకి పోతాడు. లేదంటే బస్సెక్కుతాడు. మోగేదాకా ఆగితే రెండూ పోతాయి. ఆమె కొట్టింది: ఇంకా తెలియదు. పడవవాడు చెప్పలేదు. బస్సు ఉంది.

“ఆ మాట పంపడానికి వీల్లేదు” అన్నాడు మేనేజరు, వెనకనుంచి తెర చూస్తూ.

“రాసిచ్చారా?”

“ఏది?”

“కాగితం. ఇంకా ఇవ్వలేదు కదా. అందాకా ఈ కుర్చీ నాదే.” ఆమె మీట నొక్కింది.

కాసేపటికి ఫోను మోగింది. ఒక్కరూ కదల్లేదు. వాతావరణం రెండు చేతులూ తొడల కింద పెట్టి వాటి మీద కూర్చున్నాడు. మోత ఆగింది. మందులు పెద్దాయన కళ్లజోడు తీసి ఫోను వైపే చూస్తూ ఉండిపోయాడు. రెండో మోత రాలేదు.

“చూశారా!” అన్నాడు మేనేజరు గెలిచినవాడిలా. “పడవ ఉంది. అనవసరంగా ఆయన్ని చుట్టూ తిప్పారు.”

“నేను తిప్పలేదు. తెలియదన్నాను. దారి ఆయనే చూసుకుంటాడు.”

అంతలో తెర మీద ఆ నెంబరు మళ్లీ వెలిగింది. ఈసారి ప్రశ్న లేదు. బస్సులో ఉన్నాను, వంతెన దాటుతున్నాం, అని ఉంది. అడగని సంగతి తనంతట తానుగా ఆ గదిలోకి రావడం అదే మొదలు. దానికి ఏ మీట నొక్కాలో ఎవరికీ తెలియదు. కిటికీ అక్క దాన్ని అలాగే ఉంచి, మిగిలినవాళ్లకు కొట్టడం మొదలుపెట్టింది: పడవ ఉంది. పడవవాడు చెప్పాడు. ఇప్పుడే.

మేనేజరు కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కళ్లజోడు సవరించుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివింది.

“టైము వేయలేదు” అని దాన్ని వెనక్కి తోసి, తరవాతి ప్రశ్న వైపు తిరిగింది.