చిత్తూరుకు వెళ్లొచ్చిన లారీ తలుపు

జూన్ నెలలో ఒక మంగళవారం ఉదయం ఏడుంబావుకు వడమాలపేట బస్టాపులో మేం ముగ్గురం నిలబడ్డాం: నేను, మా ఆయన మునిరత్నం, మా లారీ ఎడమ తలుపు.

ముందు లారీ సంగతి చెప్పాలి. మిలటరీవాళ్లు వాడి వదిలేసిన ఆ పాత బండిని మా ఆయన నిరుడు కొన్నాడు. దానికోసం నా రెండు పాడి ఆవులను అమ్మేశాడు. మూడెకరాల మామిడి తోటకు అంత బండి ఎందుకని అడిగితే, "కొండనైనా ఎక్కుతాది మే," అన్నాడు. మా తోటలో కొండ లేదు.

దాని బీమా గడువు అయిపోయి రెండు నెలలైంది. బీమా లేని బండిని మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటులోకి రానివ్వరు. సీజన్లో బాడుగ ట్రాక్టర్లు దొరకవు. తోతాపురి కాయలేమో చెట్ల మీదే పండిపోతున్నాయి. ఈసారి బీమా రాయకపోతే లారీని పాత ఇనుము కొనే గుజిరీ అంగడికి తూకానికి వేసేద్దామని నేను ఖరాఖండిగా చెప్పేశాను. నిజం చెప్పాలంటే, రాయకూడదనే నా కోరిక.

బండిని ఒకసారి చూస్తే తప్ప రాయమని చిత్తూరు బీమా ఆఫీసువాళ్లు ముందురోజే ఫోను చేశారు. ఆ సమయానికి మా ఆయన ఇంజను ఆడిస్తున్నాడు. ఆ మోతలోనే మాట్లాడేసి, స్పానరు తెచ్చి తలుపు ఊడదీశాడు.

"తలుపు మీద రేకులో నంబరుండాది గదా, అది సూడాలంట. బీమా లేకుండా బండి రోడ్డెక్కగూడదు. అందుకే తలుపు తీసి పెట్టమన్నారు. రేప్పొద్దున ఆఫీసుకు మోసకపోదాం," అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

ఏడున్నరకు తిరుపతి బస్సు వచ్చింది. కండక్టరు నాకు ఉచిత టికెట్టు, ఆయనకు మామూలు టికెట్టు, తలుపుకు లగేజీ టికెట్టు కొట్టాడు. పూలబుట్టతో కూర్చున్న ఒక అవ్వ తలుపును తడిమి చూసింది.

"ఆడోళ్లకు ఫ్రీ అనేసరికి ఇల్లు గూడా మోసుకొస్తా ఉండారా మే?"

"ఇల్లు కాదవ్వా, లారీది."

"మరి లారీ యాడ?"

"ఇంటికాడ."

అవ్వ బుట్టను కొంచెం అవతలికి జరుపుకుంది.

తిరుపతి బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాం. తలుపును ఎదురు కుర్చీకి ఆనిస్తే, సర్వరు దాని ముందు కూడా నీళ్లగ్లాసు పెట్టి పోయాడు. ఎనిమిదిన్నరకు చిత్తూరు బస్సు ఎక్కాం. పూతలపట్టులో జనం ఎగబడ్డారు. ఒకాయన మొహం మా తలుపు అద్దానికి ఒత్తుకుపోయింది. "అద్దం దించప్పా, ఊపిరాడలే," అన్నాడు. మా ఆయన పిడి తిప్పి దించాడు.

పదిన్నరకు బీమా ఆఫీసు చేరాం. తలుపును కౌంటరుకు ఆనించగానే లోపలున్న అమ్మాయి లేచి నిలబడింది.

"ఇదేంది సార్?"

"మీరే గదమ్మా తలుపు తీసి పెట్టమన్నారు?"

"తలుపు తీసి పెట్టండి, మా సారే మీ తోటకాడికొచ్చి సూస్తాడని చెప్పినా! తెరిసి పెట్టమన్నా సార్, ఊడబెరకమన్లా!"

ఆఫీసంతా నవ్వింది. ఆ అమ్మాయి సారుకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. సారు అప్పటికే మా తోటలో ఉన్నాడు. "ఈడ ఎవురూ లేరు. బండికి ఒక తలుపే లేదమ్మా. ఇది ఉత్త గుజిరీ. రాసేది లేదు," అన్నాడు.

నేను కోరుకున్నది సరిగ్గా అదే. కానీ అప్పుడు మా ఆయన భుజం మీది తువ్వాలుతో తలుపు మీద దుమ్ము తుడుస్తూ ఉన్నాడు. ఎవరి వైపూ చూడడం లేదు. నేను ఫోను లాక్కున్నాను.

"సార్, గుజిరీ అంటా ఉండారే, పోయిన నెల గాలివానకు మా ఊరి దావలో అంబులెన్సు దిగబడితే బయటికి లాగింది ఆ గుజిరీనే! తలుపు దొంగలేం ఎత్తకపోలా. మీరు తెమ్మన్నారనుకొని మేమే మోసుకొచ్చినాము. ఇప్పుడే ఎనక్కి తెస్తా ఉండాము, ఆడనే ఉండండి. ఆకలైతే తోటలో పండ్లుండాయి, కోసుకొని తినండి."

"ఏ సెట్టువి తినొచ్చమ్మా?" అన్నాడు సారు.

పదకొండు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం కట్టాం. ఈసారి తలుపుకు ఒక కొస నేను పట్టుకున్నాను. పూతలపట్టు దాటాక మా ఆయన అడిగాడు.

"ఏం మే, నీకు ఆ బండి గిట్టదు గదా?"

"గిట్టదు. అయినా తిడితే నేను తిట్టాల. ఆయనెవురు తిట్టేదానికి?"

మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. నవ్వుతున్నట్టు భుజాలు చెప్పాయి.

రెండు గంటలకు తోట చేరాం. సారు డ్రైవరు సీటులో నిద్రపోతున్నాడు. పక్కన ఏడు టెంకలు. మా ఆయన తలుపు బిగించేలోగా సారు లేచి, ఛాసిస్ మీది నంబరుపై కాగితం పరిచి పెన్సిలుతో రుద్దుకున్నాడు, ఫోటోలు తీసుకున్నాడు. తలుపు మీది రేకును కన్నెత్తి చూడలేదు. ఇంజను ఆడించి చూసి, తలూపి, ఫారం తెరిచాడు.

"వాడకం అనేకాడ ఏం రాయమంటారు?"

"మామిడికాయల తోలకం అని రాయండి," అన్నాను.

"అంబులెన్సు లాగింది గూడా రాసేదా?"

"వద్దు సార్. అప్పుటికి బీమా లేదు."

సారు పెన్ను ఆపి నా వైపు చూశాడు. తర్వాత ఫారం మీద సంతకం గీకి, మడిచి సంచిలో పెట్టుకుని, తాను తిన్న చెట్టు పండ్లే ఇంటికి నాలుగు కట్టిమ్మన్నాడు.