బాపు పైకొచ్చాకే తీసే కుండ

మా ఇంట్లో ఉగాది మధ్యాహ్నం నాలుగింటికి వచ్చేది.

గోదావరిఖనిలో మేమున్న క్వార్టర్ల వరుసలో మిగతా అందరికీ అది పొద్దున్నే వచ్చేది. తలస్నానాలు అయ్యేసరికి గుమ్మాలకు మామిడాకులు, ఎనిమిదింటికల్లా ప్రతి వంటింట్లోనూ గ్లాసుల చప్పుడు. మా ఇంట్లో మాత్రం దేవుడి దగ్గర కొత్త కుండ ఉండేది. మెడకు పసుపు దారం కట్టి, మూతి మీద ఇత్తడి పళ్లెం బోర్లించి. ఆ పళ్లెం తీయాలంటే బాపు బాయిలోంచి పైకి రావాలి. బొగ్గు గనిని మా వైపు బాయి అనే అంటారు. మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా రోజూ అందులోకి దిగాడు. ఉగాది నాడు ఆయనది ఎప్పుడూ మొదటి షిఫ్టే. వేరే షిఫ్టు పడితే ఎవరినో అడిగి మార్చుకునేవాడు, పండుగ సాయంత్రమైనా ఇంట్లో ఉండాలని. పొద్దున ఆరింటికి టిఫిన్ పట్టుకుని వెళ్లేవాడు, నాలుగు కొట్టేలోపు ఇల్లు చేరేవాడు. అప్పటిదాకా అమ్మ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు. చిన్నపిల్లనని నాకు టీలోకి రెండు బిస్కెట్లు దొరికేవి.

బాపు పచ్చడి తాగే డ్యూటీకి వెళ్లొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అది కుదరదు. నాయనమ్మ పెట్టిన నియమం.

"బాయిల దిగెటోనికి చేదు తాపి తోలొద్దు," అనేది ఆమె. "భూమి లోపటికి తీపి నోటితోని పోవాలె. చేదు సంగతి పైకొచ్చినంక చూసుకోవచ్చు."

నాయనమ్మ పోయాక అమ్మ ఆ మాటను ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ పొద్దున బాపు చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి వచ్చి చిన్న బెల్లం ముక్క ఆయన చేతిలో పెట్టేది. అది ఆయన నోట్లో పడేదాకా గుమ్మంలోంచి పక్కకు జరిగేది కాదు.

తర్వాత నా పని మొదలయ్యేది. వీధి చివర వేప చెట్టు దగ్గరికి వెళ్లి పువ్వు దులుపుకుని రావడం. మా ఊళ్లో వేప పువ్వును మూడు నీళ్లలో కడగాలి. మొదటి నీళ్లు నల్లగా వస్తాయి, రెండోవి బూడిద రంగులో, మూడోవి తేటగా. నాలుగోసారి కడుగుతానంటే అమ్మ ఒప్పుకునేది కాదు, చేదు నీళ్లలో పోతుందని. మాది తాగే పచ్చడి. కొత్త చింతపండు పులుసు పల్చగా తీసి, బెల్లం కరిగించి, మామిడికాయ తురుము, కొబ్బరి, పుట్నాలు వేసి, చివరన పువ్వు చల్లుతారు. పక్క క్వార్టర్‌లో కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఉండేవాళ్లు. వాళ్లది చెంచాతో తినే పచ్చడి.

"గ్లాసుల్లో పోసుకుని తాగుతారేంటండీ, మజ్జిగలాగా?" అని ఆ ఇంటావిడ అడిగేది.

"మీరు తేనెల అరగదీసిన మందు లెక్క నాకుతరు, మేమేమన్న అన్నమా వదినా?" అనేది అమ్మ. ఏటా అదే మాట, ఏటా ఇద్దరూ నవ్వేవాళ్లు.

బాపు వచ్చి, కాళ్లు కడుక్కుని, మొదటి గ్లాసు తాగి కింద పెట్టి, మా ఇద్దరినీ చూసేవాడు. "ఏది ముందుగాల తగిలింది?" నాలుకకు ముందు ఏ రుచి తగిలితే ఆ ఏడాది అట్లా ఉంటుందని ఆయన లెక్క. ఆయనకు ఎప్పుడూ తీపే తగిలేది. అమ్మ మాత్రం ఏ ఏడాదీ ఆ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేదు. "ఉప్పెక్కువైంది," అని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లేది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వచ్చిన ఉగాది నాడు, పదకొండు గంటల వేళ, అమ్మ పెరట్లో భక్షాలకు పప్పు రుబ్బుతోంది. ఇంట్లో బెల్లం వాసన నిండిపోయి ఉంది. నాకు ఆకలి. అంతకు మించి చెప్పడానికి కారణమేమీ లేదు. పళ్లెం చప్పుడు కాకుండా పక్కకు జరిపి, గ్లాసు ముంచి, నిలబడే గటగటా తాగాను. వేప రేకులు రెండు గొంతుకు అంటుకున్నాయి. ముందు తగిలింది చేదే. పళ్లెం మళ్లీ బోర్లించి, గ్లాసు కడిగి, దాని చోట దాన్ని పెట్టేశాను.

ఆ రోజు నాలుగయింది, ఐదయింది, బాపు రాలేదు. ఆరింటికి వీధిలో ఆటో ఆగింది. బాపును ఒక పక్క పట్టుకుని కాక దింపాడు. ఆయన మాకు వరుసకేమీ కాడు. బాపుతో ఒకే షిఫ్టులో దిగేవాడు, అంతే. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కాకే. బాపు ఎడమ చేతికి మణికట్టు దాకా తెల్లటి కట్టు ఉంది. పట్టాల మీద నడిచే రెండు బొగ్గు టబ్బుల మధ్య రెండు వేళ్లు నలిగాయట. దవాఖానలో కుట్లు వేయించుకుని వచ్చారు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"ముందుగాల కుండ తియ్యి," అన్నాడు బాపు మంచం మీద కూర్చుంటూ. "పొద్దుగాల సంది పస్తున్నరు."

కుడి చేత్తో తాగాడు. గ్లాసు దించి, అంత నొప్పిలోనూ నన్ను అడిగాడు. "ఏది ముందుగాల తగిలింది బిడ్డా?"

"తీపి," అన్నాను.

బాపుకు యూనియన్ వాళ్లు ఏటా ఒక డైరీ ఇచ్చేవాళ్లు. ఆయన రాసేవాడు కాదు, నాకిచ్చేవాడు. ఆ రోజు పేజీలో ఒక్క వాక్యమే ఉంది. "నేను ముందే తాగాను." సిరా ఇప్పుడు కొంచెం వెలిసింది.

ఆ తర్వాత ఆయన మధ్యవేలు ఇక వంగలేదు. ఎడమ చేత్తో ఏది పట్టుకున్నా అది ఒక్కటీ పక్కకు నిలబడి ఉండేది, ఎవరికో దారి చూపిస్తున్నట్టు. నేను దాన్ని చూడకుండా ఉండడం నేర్చుకున్నాను. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివేదాన్ని. వాటిలో మనుషులు తాము చేసింది పెద్ద పెద్ద వాక్యాల్లో ఒప్పుకుంటారు. నేనూ అలాంటి వాక్యాలు తయారు చేసుకున్నాను. డైరీల్లో అవి ఏడెనిమిది రకాలుగా ఉన్నాయి. నోట్లో ఒక్కటీ లేదు. పెద్దయ్యాక, పచ్చడికీ టబ్బుకూ సంబంధం లేదని నాకు తెలియక కాదు. తెలియడం వేరు.

మూడేళ్ల కింద బాపు దిగిపోయాడు. ఉద్యోగం నుంచి రిటైరవడాన్ని ఇక్కడ అలాగే అంటారు. క్వార్టర్ వదిలేసి, కమాన్‌పూర్ రోడ్డు వైపు కట్టుకున్న రెండు గదుల ఇంటికి మారాం. ఆ ఉగాది నాడు బాపు ఎనిమిదింటికే స్నానం చేసి కుండ ముందు కూర్చున్నాడు.

"నాలుగు కానియ్యి," అంది అమ్మ.

"ఇంక యే బాయి ఉన్నదే నాకు?"

"నాకు సయించది గిప్పుడు తాగితె. అలవాటు తప్పింది."

బాపు నవ్వి, అంగీ వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. బస్టాండు దగ్గర, హోటళ్ల దగ్గర పాత దోస్తులతో కాలక్షేపం చేసి మూడున్నరకు వచ్చాడు. గుమ్మంలోంచే, "డ్యూటీ అయింది, కుండ తియ్యి," అన్నాడు.

పోయిన ఉగాదికి నేనూ ఆయన వెంట వెళ్లాను. ఆ రోజు చెప్పేస్తానని ముందు రోజే డైరీలో రాసుకున్నాను. హోటల్ ముందు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఆయన సాసర్‌లో టీ పోసుకుంటున్నాడు. వేలు అలాగే నిలబడి ఉంది.

"బాపూ, ఏలు ఇంక నొస్తదా?"

"ఎండకాలం నొయ్యది. చలికే." సాసర్ కింద పెట్టాడు. "ఎందుకు బిడ్డా?"

"ఊకనే."

ఆయన ఇంకొంచెం సేపు నా వైపే చూశాడు. నేను రోడ్డు మీద ఆటోలను చూశాను. అంతే. అంతకన్నా మంచి సందర్భం నాకు మళ్లీ రాలేదు. కార్తీకంలో ఒక పొద్దున టీ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడు, దవాఖానకు చేరేలోపే పోయాడు.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండుగ చేయరు. ఈ ఉగాదికి మేము కుండ కొనలేదు. మామిడాకులు కట్టలేదు. అమ్మ పొద్దున్నుంచీ బియ్యంలో లేని రాళ్లు ఏరుతోంది. మధ్యాహ్నం రెండింటికి కాక వచ్చాడు. ఆయనకింకా ఏడాది సర్వీసు ఉంది, రెండో షిఫ్టుకు పోతూ ఆగాడు. సంచిలోంచి ఒక నీళ్ల సీసా తీశాడు. అందులో పచ్చడి.

"మీరు చెయ్యొద్దు గని, వేరే ఇంట్ల చేసింది తాగొచ్చట వదినె. మా ఆమె ఇచ్చి తోలింది."

సంచిలో ఇంకో సీసా కనబడింది. "అదెవలకు?" అంది అమ్మ.

"బాయిలకు. ఎప్పటి లెక్కనే."

"ఎప్పటి లెక్క అంటె?"

కాక మొహం మారింది. "అన్న ఎన్నడు చెప్పలేదా?"

"ఏంది చెప్పేది?"

కాక మెడలో తువ్వాలు సర్దుకున్నాడు. "ఉగాది వస్తె నేను ఇంట్లకెల్లి పచ్చడి సీస తీసుకపోతుంటి. టిఫిన్లు ఇప్పినప్పుడు తలా ఇంత తాగేటోళ్లం. అన్న గూడ. 'ఇంట్ల చెప్పకుర్రా, ఆమె నాలుగ్గొట్టేదాక నీళ్ల మీద కూసుంటది' అనేటోడు. గందుకే పైకొచ్చినంక అందరికంటె జల్ది ఉరుకుతుండె."

అమ్మ చాట పక్కన పెట్టింది. "అన్నేండ్లు నేను పస్తుంటి. ఆయన కింద కూసోని తాగుతుండె."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"ఏలు నలిగిన ఏడు గూడనా?" అని అడిగింది అమ్మ.

"గా ఏడు గూడ." కాక సీసా మూత తిప్పి మళ్లీ బిగించాడు. "తాగి లేసిన గంటకే అయింది. పైకొచ్చినంకనే తాగాలన్న మీ అత్త మాట నాకు ఎరుకనే వదినె. తెచ్చింది నేను. గప్పటి సంది నాకు..."

"ఏలు నలిగింది టబ్బుల నడుమ," అంది అమ్మ. "పచ్చడి నడుమ కాదు. పో, షిఫ్టు టైమైతంది."

కాక తువ్వాలుతో మొహం తుడుచుకుని, "పోయొస్త వదినె," అని వెళ్లాడు.

పచ్చడి నడుమ కాదన్న ఆ ఒక్క మాట. పద్నాలుగేళ్లుగా అది మా అమ్మ దగ్గర ఉంది, అడిగితే ఇచ్చేది. బాపును అడిగితే ఆయనా ఇచ్చేవాడేమో. తన దొంగతనం కూడా చెప్పి నవ్వేవాడేమో. అప్పుడు మా ఇద్దరికీ ఒక రహస్యం ఉండేది. ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు దానికీ మాకూ మధ్య ఒక్క వాక్యమే అడ్డం.

మూడింటికి సైరన్ మోగింది. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగి అరలో గిన్నెలు కదిలాయి. అమ్మ సీసా మూత తీయలేదు. నాలుగు కావాలని ఆమె అనలేదు, నేను అడగలేదు. ఆ గంటలోనే చెప్పాను. డైరీల్లోని వాక్యాలేవీ రాలేదు.

"గా దినం నేను గూడ ముందే తాగిన అమ్మా. నువ్వు పప్పు రుబ్బుతున్నప్పుడు."

అమ్మ నా వైపు తిరిగింది. "పన్నెండేండ్ల పోరివి. ఆకలైతది," అంది. సీసా దగ్గరికి జరుపుకుంటూ, "బాపుకు చెప్పకపోతివి," అంది. తిట్టినట్టు కాదు. బాపు ఏదో చూడకుండా పోయాడన్నట్టు.

నాలుగు కొట్టాక రెండు గ్లాసుల్లో పోసింది. ఒక్క గుక్క తాగి ఆగిపోయింది. "యాప పువ్వు లేదు."

నేనూ తాగి చూశాను. పులుపు, తీపి, మామిడికాయ వగరు. చేదు లేదు.

"మర్చిపోయిందేమో," అన్నాను.

"మర్చిపోలే. బాయిలకు పోయేది గదా." అమ్మ గ్లాసులోకే చూస్తోంది. కాక వాళ్ల ఇంట్లోనూ ఎవరో ముసలమ్మ ఆ మాటే చెప్పి ఉంటుంది. "చేదు మాత్రం మీ బాపు ఇంటికొచ్చే తాగిండు," అంది మెల్లగా.

లేచి బయటికి వెళ్లింది. ఎదురింటి వేప కొమ్మ వంచి ఇంత పువ్వు దులుపుకుని వచ్చింది. మూడు నీళ్లలో కడిగింది. మూడోవి తేటగా వచ్చాయి.

"పండుగ చెయ్యొద్దన్నరు గని," అంది గ్లాసుల్లో పువ్వు వేస్తూ, "పువ్వు ఎయ్యొద్దనలే."

తాగాం. గ్లాసు కింద పెట్టి, అలవాటు కొద్దీ, ఆ ప్రశ్న కోసం ఆగాను. ఇంట్లో ఎవరూ అడగలేదు. ఫ్యాను తిరుగుతోంది.

"చేదు," అన్నాను.

అమ్మ రెండు గ్లాసులూ తీసుకుని లేచింది.

"ఉప్పెక్కువైంది," అంటూ లోపలికి వెళ్లింది.